నడవని వస్తువు పేరు చెప్పు

మొన్న హోసూరు నుంచి కృష్ణగిరికి పోయే బస్సులో నా ముందు సీట్లో కూర్చున్నాయన ఫోనులో గొంతు చించుకుంటున్నాడు. "ఈడే ఉండానప్పా, ఈడే!" అవతలివాళ్లు మళ్లీ అడిగినట్టున్నారు. "యాడ అంటే ఏం చెప్పేది? ఈడే అంటా ఉండాను కదా, చెవుడా నీకు?" అని కసురుకున్నాడు. బస్సు అప్పుడే శూలగిరి దాటింది. తెరిచిన కిటికీల్లోంచి కొత్తిమీర మూటల వాసన లోపలికి కొడుతోంది. నాకు నవ్వు ఆగలేదు. పక్కన కూర్చున్నామె నన్ను వింతగా చూసి కొంచెం జరిగింది. ఎవరు ఎక్కడ 'ఈడే' అన్నా నాకు లూచియా గొంతు వినిపిస్తుంది. 'ఈడే' అంటే ఎక్కడ, నీ ముందు ఏముంది, వెనక ఏముంది అని ఆమె నన్ను నిలదీసి అడిగే గొంతు.

లూచియా ఇటలీ దేశపు మనిషి. ఆమె కొడుకు పావ్లో యంత్రాలు బిగించే ఇంజనీరు. హోసూరులో ఒక ఫ్యాక్టరీ పనికి ఒప్పుకుని వచ్చినప్పుడు, ఊళ్లో ఒంటరిగా ఉన్న తల్లిని కూడా వెంట తెచ్చుకున్నాడు. వాళ్ల ఫ్లాట్‌లో వంటకూ, పగలంతా ఆమెకు తోడుగా ఉండడానికీ నన్ను పెట్టుకున్నారు. నాది మత్తూరు దగ్గర పల్లె. మేకలు కాసుకునే ఇంట్లో పుట్టాను. పెళ్లయి హోసూరు వచ్చాక ఇళ్లల్లో పని చేస్తూనే తల నెరిసింది. తెలుగు, తమిళం, కన్నడం మూడూ మాట్లాడతాను. అప్పటికి ఆ మూడింట్లో ఒక్క అక్షరమూ రాదు. లూచియాకేమో ఇటాలియన్ తప్ప ఇంకేదీ రాదు. మొదట్లో పావ్లో ఫోనులో అనువాదం పెట్టి ఇచ్చేవాడు. కొన్నాళ్లకు అది పక్కన పడేసి చేతులతో, కళ్లతో, తలా కొన్ని మాటలతో కాలం గడుపుకున్నాం. నేను ఆమెను లూచియమ్మా అనేదాన్ని. ఆమె నన్ను రత్నా అనేది.

పొట్టి మనిషి. తెల్లటి జుట్టు, కాళ్లకు ఎప్పుడూ తోలు బూట్లు. ఇంట్లో కూడా విప్పేది కాదు. తన ఊళ్లో చిన్నపిల్లల బడిలో జీవితమంతా టీచరుగా పని చేసింది. పిల్లల్ని అదిలించిన అలవాటు వల్లనేమో, అన్నం ఉడకకపోయినా అన్నాన్నే వేలెత్తి మందలించేది. అయితే మతిమరుపు అప్పుడప్పుడే మొదలవుతోంది. ఒకరోజు నేను మేడ మీద బట్టలు ఆరేస్తుంటే ఆమె తలుపు తీసుకుని వీధిలోకి వెళ్లిపోయింది. మెడలో తాడుకు కట్టిన చిన్న ఫోను ఉండేది, అందులో పావ్లో నంబరూ నా నంబరూ. నాకే ఫోను చేసింది. నాకు అప్పటికి తెలిసిన కొద్ది మాటల్లో 'దోవె సెయ్?' ఒకటి, ఎక్కడున్నావు అని. అదే అడిగాను. "సోనో క్వీ," అంది. ఇక్కడే ఉన్నాను అని అర్థం. మళ్లీ అడిగాను. "సోనో క్వీ, రత్నా, సోనో క్వీ," అని ఏడుపు మొదలుపెట్టింది. వీధులన్నీ తిరిగాను. చివరికి ఎవరో ఆటో డ్రైవరు ఆ ఫోను తీసుకుని, "ఏమ్మా, తెల్లావిడ ఒగామె రాయకోట రోడ్డులో నిలబడి ఏడస్తా ఉండాది, మీదేనా?" అని అడిగితే గానీ నా ప్రాణం కుదుటపడలేదు.

ఆ సాయంత్రం పావ్లో మమ్మల్ని ఇద్దరినీ కూర్చోబెట్టి, నాకు అర్థమయ్యేలా ఫోనులో అనువాదం పెట్టాడు. ఇంకొకసారి ఇలా జరిగితే తలుపుకు బయటినుంచి తాళమేనన్నాడు. తర్వాత తమ దేశంలో ముసలివాళ్లను చూసుకునే ఇంటికి పంపించేస్తానన్నాడు. అక్కడ బాగా చూసుకుంటారు అని కూడా అన్నాడు. చెడ్డవాడు కాదు, బాగా భయపడ్డాడు. లూచియా మాత్రం తప్పు చేసిన పిల్లలా లేచి గోడకు ఆనుకుని నిలబడింది. నేను ఇంటికి బయలుదేరబోయే ముందు నా చెయ్యి పట్టుకుని, "తాళం వద్దు," అంది. ఆ రెండు మాటలూ తెలుగులోనే అంది.

మరునాడు నేను వెళ్లేసరికి ఆమె టీచరై కూర్చుంది. బల్ల మీద నా సత్తు చెంబు పెట్టింది. "సోప్రా," అంది. పైన. చెంబును బల్ల కిందికి తోసి "సొత్తో," అంది. కింద. తలుపు వెనక పెట్టి "దియెత్రో," ముందుకు లాగి "దవాంతి," పక్కకు జరిపి "అక్కాంతో." వెనక, ముందు, పక్కన. తర్వాత చెంబును వదిలేసి నన్ను నిలబెట్టింది. 'సోనో' అంటే నేనున్నాను. తలుపు ముందు ఉన్నానని చెప్పాలంటే 'సోనో దవాంతి ఆల్లా పోర్తా.' నేను అన్నాను. బల్ల దగ్గరికి తోసింది, కిటికీ దగ్గరికి తోసింది, ప్రతిచోటా "దోవె సెయ్?" అని గద్దించింది. చివరికి సోఫా పక్కన నిలబెట్టి అడిగితే, సోఫాను ఏమంటారో గుర్తురాక, "సోనో అక్కాంతో ఆ లూచియా," అనేశాను. లూచియా పక్కన ఉన్నాను అని. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆమె తల అడ్డంగా ఊపింది. లేచి వంటింట్లోకి వెళ్లిపోయి, అక్కడినుంచి ఫోను చేసింది. "లూచియా పక్కన ఉన్నావా? లూచియా ఏది?" తిరిగొచ్చి తన బూట్లు చూపించి, లూచియా నడుస్తుంది అంది. మనిషి నడుస్తుంది, కుక్క నడుస్తుంది, బండి కదులుతుంది. నడవని వస్తువు పేరు చెప్పు, అప్పుడే ఎదుటివాళ్లు నీ దగ్గరికి రాగలరు అంది. నాకది కొత్త మాట. మా పల్లెలో ఎవరు ఎక్కడున్నారని అడిగినా మునెప్ప కాడ ఉండాడనో, మేకల కాడ ఉండాననో చెప్పేవాళ్లం. మునెప్ప సాయంత్రానికి ఎటు పోతాడో, మేకలు ఏ గుట్ట ఎక్కుతాయో అందరికీ తెలుసు కాబట్టి అది చెల్లింది. తెలియని చోట అది చెల్లదని అంత వయసొచ్చాక అప్పుడు తెలిసింది.

అప్పటినుంచి రోజూ అదే ఆట. ఇంట్లో ఒకరు దాక్కోవాలి, ఫోనులో చోటు చెప్పాలి, రెండోవారు వెతక్కుండా నేరుగా వెళ్లి నిలబడాలి. ఆమె దాక్కున్నప్పుడు కొన్నిసార్లు మాట వచ్చేది కాదు. ఊపిరి మాత్రం వినిపించేది. నాకు నేర్పుతున్నట్టు పైకి కనిపించినా, తనకు తనే నేర్పుకుంటోందని నాకు మెల్లగా అర్థమైంది. నేను తొందరపెట్టేదాన్ని కాదు.

ఈ మాటలన్నీ కాగితం మీద రాసి గోడకు అంటించబోయింది. నాకు అక్షరాలు రావని చేత్తో చెప్పాను. ఆమె జాలిపడలేదు. మీ అమ్మ ఏ భాషలో తిట్టేది అని అడిగింది. తెలుగు అన్నాను. అయితే ముందు అది అంది. మా ఫ్లాట్ల గేటు దగ్గర నారాయణప్ప అని వాచ్‌మన్ ఉండేవాడు, కుప్పం వైపు మనిషి, తెలుగు బడిలో చదువుకున్నవాడు. లూచియా నాచేత బజారులో రెండు పలకలు కొనిపించి, నన్ను వెంటబెట్టుకుని ఆయన స్టూలు ముందు నిలబడింది.

"ఏంమా రత్నమ్మా, ఇద్దురు ముసిలోళ్లూ ఇస్కూలుకు వచ్చినారా?" అన్నాడు నారాయణప్ప.

"నువ్వేమన్నా పిల్లోడివా అప్పా? నేర్పుతావా లేదా చెప్పు."

"నేర్పుతా. కానీ ఈయమ్మ నన్ను కొట్టేట్టు సూస్తా ఉండాది."

కొట్టేటట్టే చూసేది. నేను 'అ' గుండ్రంగా రాయకపోతే నారాయణప్ప పర్వాలేదనేవాడు, ఆమె ఊరుకునేది కాదు. చెరిపి మళ్లీ రాయమనేది. తను కూడా నా పక్కనే కూర్చుని రాసేది. 'ఱ' చూసి భయపడి పలక మూలకు నెట్టేసింది. పోయే వచ్చే పిల్లలు చూస్తారని నాకు సిగ్గు. పక్కన ఒక దొరసాని అంతకంటే వంకరగా రాస్తుంటే సిగ్గు ఎంతసేపు నిలుస్తుంది? వానలు తగ్గేసరికి నా పేరు రాశాను. ఆ తర్వాత తమిళ అక్షరాలు, బస్సు బోర్డులు, ఇంగ్లీషు అక్షరాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఇప్పుడు ఈ మాటలు మీకు రాయగలుగుతున్నానంటే ఆ స్టూలు దగ్గర పడిన పునాదే.

లూచియా నాన్న కూడా కొండల్లో మేకలు కాసేవాడట. కృష్ణగిరి అవతల పోచంపల్లి సంతలో మేకలు అమ్ముతారని నేను ఒకసారి అన్నాను, అంతే. పావ్లోను సతాయించి ఒక ఆదివారం కారు ఇప్పించుకుంది. ఒకరి చెయ్యి ఒకరు వదలకూడదని పావ్లో మూడు భాషల్లో చెప్పాడు. నేను వదల్లేదు. కానీ సంతలో ఒక పొట్టేలు తాడు తెంపుకుని జనంలోకి దూకింది. అందరూ తోసుకున్నారు, నేను కింద పడ్డాను. లేచి చూస్తే లూచియా లేదు.

ఫోను చేశాను. రెండోసారికి ఎత్తింది. "దోవె సెయ్?"

"సోనో క్వీ." మళ్లీ అదే జవాబు.

"క్వీ వద్దు లూచియమ్మా. దవాంతి? ముందు ఏముంది?"

"దవాంతి ఆ ఊనా కాప్రా."

మేక ముందు ఉన్నాను అంది. నా చుట్టూ కనుచూపు మేర మేకలే. పక్కన ఏముందంటే తలపాగా చుట్టుకున్న మనిషి అంది. తలపాగా లేనివాడు ఆ సంతలో ఎవడు? నా కంగారు చూసి ఒక ముసలి బేరగాడు, "ఏమ్మా, ఎవురిని ఎతుకుతా ఉండావు?" అన్నాడు.

"మేక ముందర ఉండే ముసిలామెను."

"ఈడ అందురూ మేకల ముందరే ఉండారు. నేనూ ముసిలోడినే, నేను చాలనా?"

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. కళ్ల ముందు ఆ తలుపూ, దానికి బయటినుంచి వేలాడే తాళమూ కనిపిస్తున్నాయి. పరుగెత్తబోయి ఆగిపోయాను. నేను పరుగెత్తితే ఆమె చెప్పే చోటు నాకెలా వినబడుతుంది? నిలబడ్డాను. ఆమె నాతో మాట్లాడే గొంతుతోనే, గట్టిగా, తొందర లేకుండా అన్నాను. "లూచియా. ఊనా కోజా కే నోన్ కమ్మీనా." నడవని వస్తువు ఒకటి.

ఫోనులో మేకల అరుపులు, ఎవరో బేరమాడుతున్న గొంతు, ఆమె ఊపిరి. నేను ఎదురుచూశాను. అప్పుడు మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు, "సోనో... సొత్తో... లా తొర్రే," అంది.

టవరు కింద ఉన్నాను. తల ఎత్తాను. టార్పాలిన్‌లన్నిటి పైన ఎర్రగా తెల్లగా ఫోను టవరు. దాని మీద నుంచి చూపు తిప్పకుండా జనాన్ని తోసుకుంటూ వెళ్లాను. టవరు కింది సిమెంటు గట్టు మీద లూచియా కూర్చుని ఉంది, ఒళ్లో ఒక మేకపిల్ల. పక్కన మజ్జిగ అమ్మే ఆమె గ్లాసు పట్టుకుని లూచియాకు తాగిస్తోంది.

"మీ యమ్మనా? ఒగ మాటా అర్థం కాలే. కానీ బో మాట్లాడతాది," అంది ఆమె నాతో.

నేను ఆ గట్టు మీదే కూర్చున్నాను. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. సగం తాగానో లేదో లూచియా మెడలో ఫోను మోగింది. పావ్లో. "మమ్మా, దోవె సెయ్?" అనడం నాకూ వినబడింది. ఇక అయిపోయింది అనుకున్నాను. లూచియా క్లాసులో నిలబడిన దానిలా ముందుకు చూసింది, వెనక్కి తిరిగి చూసింది. పోచంపల్లిలో ఉన్నాను, సంతలో, ఫోను టవరు కింద, నా ముందు మజ్జిగ కుండ, అని తన భాషలో వరుసగా చెప్పింది. చివర "అక్కాంతో ఆ రత్నా," అని చేర్చింది. నడిచే మనిషి పేరు చెప్పినా ఈసారి నేను దిద్దలేదు.

ఫోను నాకిమ్మన్నాడు. నేను దాచలేదు. నాకొచ్చిన ఇటాలియన్ ముక్కల్లోనే తప్పిపోయింది, ఎక్కడుందో తనే చెప్పింది, దొరికింది అన్నాను. "తనే చెప్పిందా?" అని అడిగాడు. "తనే," అన్నాను. అతను పెద్దగా ఊపిరి వదిలాడు, తాళం మాట మళ్లీ ఎత్తనన్నాడు. ఆ మధ్యాహ్నం తాగిన మజ్జిగ అంత చల్లటిది నేను ఇంతవరకూ తాగలేదు. లూచియాను ఆ మేకపిల్ల నుంచి విడదీయడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

పావ్లో పని పూర్తయ్యాక ఇద్దరూ వాళ్ల ఊరికి వెళ్లిపోయారు. ఆమెను ఆ ముసలివాళ్ల ఇంటికి పంపలేదు, కొడుకు దగ్గరే ఉంది. ఆదివారాల్లో ఫోను చేస్తుంది. మతిమరుపు పెరిగింది. ఒక్కోసారి నా పేరు దొరకదు, నారాయణప్ప ఎవరంటుంది. నేను బాధపడి కూర్చోను, ఎక్కడున్నావని అడుగుతాను. అది మాత్రం చెబుతుంది. కిటికీ పక్కన, కంబళి కింద, కంబళి పైన పిల్లి, ఎదురుగా మంచు పట్టిన కొండ, వెనక పొయ్యి. నేనెన్నడూ అడుగుపెట్టని ఆ గది నాకు మొత్తం తెలుసు. కళ్లు మూసుకుని తిరిగినా దేనికీ తగలను.

చెప్పడం అయ్యాక ఆమె నన్ను అడుగుతుంది. నేను గబుక్కున జవాబివ్వను. ఉన్నచోట నిలబడి ఒకసారి చుట్టూ చూస్తాను. మేడమెట్ల మీద ఉన్నాను, వెనక నీళ్ల డ్రమ్ము, ముందు గుడి కొండ, కొండ మీద ఇప్పుడే దీపాలు వెలిగాయి, అని చెబుతాను. అవతల ఆమె నెమ్మదిగా ఊపిరి వదలడం నాకు వినిపిస్తుంది.