సంఘపెద్ద ఎవరు?

ఆ రోజుల్లో వినయం విషయంలో మా మందిరానికి సాటి వచ్చేది మోత్కూరు చుట్టుపక్కల మరొకటి లేదు. పోలీసు యాక్షన్ ముగిసి, రజాకార్లు పోయి, కమ్యూనిస్టుల కోసం యూనియన్ మిలిట్రీ ఊరూరూ గాలిస్తున్న కాలం అది. నేను నల్లగొండలో చదువుకుని ఆ మందిరమున్న పల్లెలోని మిషన్ బడికి కొత్తగా వచ్చిన పంతొమ్మిదేళ్ల పంతులమ్మను. ఆదివారం ఆరాధనలో తగ్గింపు గురించి, అంటే వినయం గురించి, పాఠం చెప్పేదాన్ని నేనే (నా అంత తగ్గింపు ఆ ఊళ్లో ఇంకెవరికీ లేదని నాకు గట్టి నమ్మకం). మందిరానికి పెద్దలు ఇద్దరు: గంట కొట్టే గంట తాత, ప్రార్థన చేసే మీసాల మామ. వారిలో అసలు పెద్ద ఎవరో తేలక ఏడాదిగా మాటల్లేవు. ఒకరినొకరు అనాలనుకున్నవన్నీ దేవుడితో చెప్పుకునేవారు, కళ్లు మూసుకుని, గట్టిగా. "ప్రభువా, కండ్లు నెత్తికెక్కినోళ్లను జర కిందికి దించు" అని మామ ప్రార్థిస్తే, ఆమెన్ అనాల్సిన తాత "మీసాలు మెలేసెటోళ్లను గూడ ప్రభువా" అని కలిపేవాడు.

ఒక ఆదివారం ఆరాధన మధ్యలో మిలిట్రీ లారీ వచ్చి ఆగింది. కమ్యూనిస్టుల జట్టునూ జనం సంఘమనే అనేవారు, మేం మా మందిరాన్నీ సంఘమనే అనేవాళ్లం. ఎవరో పుణ్యాత్ముడు "అక్కడ సంఘం కూడింది" అని మిలిట్రీకి చెప్పాడట. అధికారి వెంట వచ్చిన జవాను తెలుగులో గద్దించాడు: "మీ సంఘపెద్ద ఎవడు? చెప్పకుంటే మొగోళ్లనందర్ని లారీ ఎక్కిస్తం!"

ఏడాదిగా మేం తేల్చుకోలేని ప్రశ్న అదే. "నేను ఉత్త గంట కొట్టెటోణ్ని సార్. పెద్దంటే గాయినే" అన్నాడు తాత. మామ చేతులు జోడించి "ఆయన ముంగట నేనెంత సార్!" అన్నాడు. ఎదుటివాణ్ని తనకంటే గొప్పవాడిగా ఎంచాలన్న నా పాఠం అంత బాగా ఒంటబట్టిందని నాకు అప్పుడే తెలిసింది. జవాను నావైపు తిరిగాడు. "నాది ఈ ఊరే కాదండీ, నల్లగొండ" అన్నాను. (పాఠం చెప్పినదాన్ని, వెనకబడితే ఎలా?)

అప్పుడు మందిరం ఊడ్చే అవ్వ మోకాళ్లు పట్టుకుని లేచింది. "నేనే పెద్దను. ఏం పని నాయినా?" అంది. అధికారి ఆమెను ఎగాదిగా చూసి లారీ ఎక్కించమన్నాడు.

లారీ లేపిన దుమ్ము అణగకముందే తాత ఏడ్చేశాడు. "తప్పయిందిరా" అన్నాడు మామతో. మామ కండువా దులుపుకుని "పా, పోదాం" అన్నాడు. అధికారికి తెలుగు రాదు, నాకు ఉర్దూ వచ్చు కనుక నేనూ బయల్దేరాను. ధైర్యంతో కాదు, అక్కడే ఉండి మందిరంలో మిగిలిన ఆడవాళ్ల ముఖాలు చూసే ధైర్యం లేక.

మోత్కూరు మిలిట్రీ క్యాంపులో వాళ్ల తగాదా మళ్లీ మొదలైంది. "ముసల్దాన్ని ఇడిసిపెట్టుండ్రి సార్, పెద్దను నేను!" "ఆయన మాట నమ్మకుండ్రి, నేను!" మాది యేసు సంఘమనీ, మా దగ్గర తుపాకులు లేవనీ, ఆ మాటకొస్తే నిన్నటిదాకా ఐకమత్యమూ లేదనీ నా ఉర్దూలో విన్నవించాను. క్రైస్తవులైతే ఒక పాట పాడమన్నాడు అధికారి. ఇద్దరూ చేతులు పట్టుకుని పాడారు. అంత ఘోరంగా పాడేవాళ్లు ప్రభుత్వాన్ని పడగొట్టలేరనుకున్నాడో ఏమో, అవ్వను వదిలేశాడు.

తిరుగు దారిలో అవ్వ నా భుజం మీద చెయ్యి వేసి నడిచింది. "భయం కాలేదా అవ్వా?" అని అడిగాను.

"కాకుంటెట్ల బిడ్డా? మీరందరు గంత వణుకుతుంటే, నా భయం పెట్టుకునేతందుకు జాగా యాడ మిగిల్చిండ్రు?"

ఇప్పుడు నాకు అవ్వ వయసు వచ్చింది. వినయం గురించి మాట్లాడాలంటే మా సంఘంలో నన్నే పిలుస్తారు. గంటసేపు చక్కగా చెబుతాను, అందరూ కళ్లు తుడుచుకుంటారు. "నాది నల్లగొండ" అన్న సంగతి మాత్రం చెప్పను. ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల పరువు కాస్త కాపాడాలి కదా, పాపం.