బాపుకు అందని షర్బత్ గ్లాసు

మా చిన్నప్పుడు ఓ ఎండాకాలం మధ్యాహ్నం... మా అవ్వ మంచినీళ్ళ రంజన్ కుండ పక్కన కూర్చుని నిమ్మకాయలు పిండుతోంది. గింజలు తియ్యాలన్న ధ్యాసే లేదు. వాకిట్లో నిలబడ్డది ఎవరో పరాయివాడు కాదు, ఆమె సొంత తమ్ముడే!

అవ్వ అంటే మాకు అమ్మ. నాన్నను బాపు అనేవాళ్ళం. మాది మల్యాల పక్క ఊరు, అమ్మమ్మ వాళ్ళది ఎల్లంతకుంట వైపు.

అప్పట్లో ఇంటికి ఎవరొచ్చినా కాళ్ళకు చెంబెడు నీళ్ళు, చేతికి గ్లాసెడు షర్బత్... ఆ తర్వాతే అన్నం. చక్కెర నిండుకుంటే బెల్లం పానకం, అదీ లేకపోతే పల్చటి సల్ల, అదే మజ్జిగ. ఏదో ఒకటి గొంతులో పడకుండా విస్తరి వేసే మాటే లేదు. అమ్మమ్మ వాళ్ళింట్లో ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఇంటల్లుడికి ఆ గ్లాసు బావమరిదే తన చేత్తో ఇవ్వాలి. ఇంకెవరిచ్చినా మర్యాద కాదు.

ఆ పట్టింపే మా కొంప ముంచింది. అంతకు కొన్నాళ్ళ ముందు అవ్వ తమ్ముడు మల్లేశం మామ కొత్తిల్లు కట్టుకుని అందరినీ పిలిచాడు. బాపు వెళ్ళి దర్జాగా మంచం మీద కూర్చున్నాడు. వచ్చినవాళ్ళందరికీ గ్లాసులు తిరుగుతున్నాయి... బాపు దగ్గరికి మాత్రం ఒక్కటీ రాదు! మామ ఇస్తాడులే అని ఇంట్లోవాళ్ళు ఊరుకున్నారు. మామేమో వెనకాల వంటల దగ్గర పొయ్యి మంట చూసుకుంటూ ఆ సంగతే మరిచిపోయాడు.

మా బాపుకు కోపం ముక్కు మీదే ఉండేది. లేచి చెప్పులేసుకున్నాడు. అన్నం తినకుండానే మమ్మల్ని బస్సెక్కించాడు. అటు మటన్ కూర ఘుమఘుమలాడుతుంటే ఇటు మేం ఆకలితో బస్సులో... ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, నవ్వకండి!

మామ మాత్రం తక్కువవాడా? పదిమందిలో తన పరువు తీశాడని, "ఇగ ఆ ఇంట్ల పచ్చి మంచినీళ్లు గూడ ముట్ట" అనేశాడు. రాకపోకలు బందయ్యాయి. బాపు దుబాయ్ పోయేనాడు కూడా మామ సాగనంపడానికి రాలేదు.

ఆ మామే ఆ మధ్యాహ్నం మా చిన్నమ్మ పెళ్ళి కార్డుతో వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. బాపు సెలవు మీద వచ్చి ఇంట్లోనే ఉన్నాడు. మామను దూరం నుంచే చూసి అవ్వతో ఒకటే మాట అన్నాడు.

"మన ఇంట్ల నీళ్లు ముట్టనోని ఇంటికి మనం పెండ్లికి పోయేది లేదు. నువ్వు గూడ!"

సొంత చెల్లెలి పెళ్ళి... అవ్వ చూస్తుందా, చూడదా అన్నది ఆ ఒక్క గ్లాసు మీద పడింది. గింజల మీద ధ్యాస ఉంటుందా మరి!

మామ వాకిట్లోనే కార్డు ఇచ్చాడు. "అందరు రాండ్రి అక్కా. నేను పోత."

"ఎండల పడి వచ్చినవ్ తమ్మీ... జర గొంతు తడుపుకో రా" అంటూ అవ్వ గ్లాసు చాపింది.

"వద్దక్కా" అన్నాడు మామ, మొహం పక్కకు తిప్పుకుని. అవ్వ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

అప్పుడు లోపలి నుంచి బాపు వచ్చాడు. ఇక అయిపోయింది, ఇద్దరూ కొట్టుకుంటారు అనుకున్నాను. ఆయన అవ్వ మొహం చూశాడు. తర్వాత ఆమె చేతిలోని గ్లాసు తీసుకుని తనే మామ ముందు పట్టాడు.

"తాగు మల్లేశం. ఎండ మస్తు కొడ్తున్నది."

మామ గ్లాసు అందుకున్నాడు. కానీ తాగలేదు. రెండు చేతులతో మళ్ళీ బాపుకే ఇచ్చాడు.

"గిది నీదే బావా. గా దినం నేను ఇయ్యాల్సింది. ముందుగాల నువ్వు తాగు."

బాపు సగం తాగి ఇచ్చాడు. ఆ ఎంగిలి షర్బత్‌నే మామ గింజలతో సహా గటగటా తాగేశాడు. "గింజలన్న తియ్యకపోతివి అక్కా!" అని నవ్వాడు. అవ్వ ఏడుస్తూ, నవ్వుతూ, కొంగుతో మొహం తుడుచుకుంటూ ఎసరు పెట్టడానికి పరుగెత్తింది. ఎంత సంతోషం వేసిందో నాకు!

చిన్నమ్మ పెళ్ళికి మేం అందరికంటే ముందే వెళ్ళాం. అవ్వ తన చేత్తో చెల్లెల్ని పెళ్ళికూతుర్ని చేసింది.

మొన్న కోరుట్లలో ఒక పెళ్ళికి వెళ్ళాను. గేటు దగ్గరే ట్రేల నిండా రంగురంగుల జ్యూసులు, టేబుళ్ళ మీద చిన్న చిన్న నీళ్ళ సీసాలు. ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుంటున్నారు. సుఖంగానే ఉంది, కాదనను...

కానీ ఆ జనంలో ఎవరైనా అలిగి, గొంతు కూడా తడుపుకోకుండా వెళ్ళిపోతే... వెనక నుంచి "తమ్మీ, జర ఆగు రా" అని పిలిచేవాళ్ళు ఎవరున్నారు?

మీ ఇంట్లో ఉన్నారా? ఉంటే వాళ్ళ గురించి రెండు మాటలు రాయండి... చదవాలని ఉంది.