ఎవరికి మేలు అని అడిగే సార్

పోయిన నెల, బడిలో పాఠం చెబుతుండగా ఆదోని నుంచి ఫోన్ వచ్చింది. మా జువాలజీ సార్ తమ్ముడు. "అన్న పోయినాడమ్మా. తెల్లారుజామున, నిద్దట్లోనే," అన్నాడు. ఎమ్మిగనూరులో బస్సెక్కి కూర్చున్నాక కూడా నాకు ఏడుపు రాలేదు. అనుమానం వచ్చింది. అంతకు ముందు వారమే సార్ నాతో మాట్లాడారు, గొంతు బాగానే ఉంది. మరి ఇంతలో ఏమైంది? సార్ జబ్బుకని ఆ తమ్ముడు తెచ్చిపెట్టిన సీసా మందు ఏమైనా తాగించాడా?

ఇలా అనుమానించడం నేర్పింది కూడా సారే. ఆయన సంతలో వంకాయ కొన్నా తొడిమ ఎత్తి చూసేవారు. హోటల్లో టీ వస్తే ముందు వాసన చూసేవారు. బస్సు ఇప్పుడే వస్తుందని ఎవరైనా అంటే, "నువ్వు సూసినావా, ఎవరన్నా సెప్పినారా?" అని అడిగేవారు. ఆయనతో బజారుకు పోవడమంటే సగం పూట పోయినట్టే.

ఆదోనిలో నేను డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు కణాల గురించి పాఠం చెప్పేవారు. మైటోకాండ్రియా అంటే కణానికి కరెంటు ఫ్యాక్టరీ అని పుస్తకంలో ఒక్క ముక్క ఉండేది. మేం అదే అప్పజెప్పేవాళ్ళం. సార్ కళ్ళద్దాల పైనుంచి చూసి, "అంతేనా? నాకు నమ్మకం ల్యా," అనేవారు. అంతే సార్ అని ఎవరైనా గట్టిగా అన్నారో, ఇక ఆ గంటంతా ప్రశ్నలు వాళ్ళకే.

ఒకరోజు మమ్మల్ని తమ్ముడి పత్తి దుకాణానికి తీసుకుపోయారు. వాళ్ళ నాన్న కాలం నుంచి వాళ్ళది పత్తి వ్యాపారమే. అప్పుడే బండి దిగిన కుప్ప దగ్గరికి తమ్ముడు పోయి, చొక్కా చేయి పైకి మడిచి, మోచేతి దాకా లోపలికి దూర్చి కళ్ళు మూసుకున్నాడు. పత్తి తెలిసినవాళ్ళు పైపైన చూసి కొనరు. తడిసిన పత్తి పైకి తెల్లగా, చల్లగానే ఉంటుంది, లోపల మాత్రం కాగుతుంటుంది. "సూడండప్పా," అన్నారు సార్. "లోపల యాడ కాగుతాందో సెయ్యి పెడితేగాని తెలీదు. కణం కూడా ఇంతే."

ఆ కుప్ప పక్కనే నిలబడి చెప్పారు. మైటోకాండ్రియాలో ప్రోటీన్లు సరిగ్గా మడతపడి ఉండాలి. ఒత్తిడి పెరిగితే మడతలు చెడి పోగుపడతాయి. అప్పుడు కణం కేంద్రకానికి కబురు పోతుంది, ఇక్కడ కాగుతోంది, సాయం పంపమని. కేంద్రకం మరమ్మతు చేసే ప్రోటీన్లను తయారు చేయిస్తుంది. బాగుపడితే సరే. లేకపోతే మైటోకాండ్రియా నుంచే మరో ప్రోటీన్ బయటికొచ్చి, ఇక చచ్చిపొమ్మని కణానికి చెబుతుంది. మంచి కణం వింటుంది. క్యాన్సర్ కణం చాలాసార్లు వినదు. మరమ్మతు కోసం వచ్చిన సాయంతోనే బతికి, పెరిగి, పక్కవాటి చోటు కూడా ఆక్రమిస్తుంది.

"కాగే పత్తి మీద పొడి పత్తి కప్పి అమ్మేటోడు ఉంటాడే, వాని మాదిరి," అన్నారు సార్.

"ఆ మాట నన్ను సూసి ఎందుకంటావన్నా?" అని తమ్ముడు నొచ్చుకున్నాడు. మేం నవ్వాపుకోలేకపోయాం.

రిటైరయ్యాక సార్‌కే పేగుల్లో క్యాన్సర్ అని తేలింది. కర్నూలులో డాక్టరుని ప్రశ్నలతో చంపుకుతిని, తృప్తి పడ్డాకే మందు ఎక్కించుకున్నారు. ఆయన్ని చూడ్డానికి పోయినవాళ్ళు ఉత్త చేతులతో పోలేదు. గోనెగండ్ల నుంచి ఒకాయన వేరు తెచ్చాడు, నందవరం నుంచి ఇంకొకాయన పసరు తెచ్చాడు. అందరికీ సార్‌ది ఒకటే ప్రశ్న, "ఇది ఎవరికి మేలు చేస్తాది?"

తమ్ముడు సీసా తెచ్చిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. కణాల ఒత్తిడి పోగొట్టి మైటోకాండ్రియాకు బలమిస్తుందని దాని మీద రాసి ఉంది. సార్ దాన్ని వెలుతురుకు పెట్టి చూశారు. "యా కణానికి బలం? మంచిదానికా, చెడ్డదానికా? రెండూ నా ఒంట్లోనే ఉండాయి. డాక్టరు మందు ఆ చెడ్డదాన్ని ఉక్కిరిబిక్కిరి సేస్తాంటే, నువ్వు పోయి దానికి గొడుగు పడతావేమో!"

"మంచికే తెచ్చినా అన్నా," అన్నాడు తమ్ముడు. మొహం చిన్నబోయింది.

పెరటి గోడ మీద మిరప మొక్క కుండీ ఉంది. అందులోనే వయ్యారిభామ కలుపు మొక్క కూడా మొలిచింది. "దీంట్లో పోద్దాం. మిరప ఒక్కటే పెరిగితే నేను తాగుతా. రెండూ పెరిగితే నువ్వింక సీసాలు తేవద్దు," అన్నారు సార్. వెంటనే నావైపు తిరిగి, "ఇది రుజువు కాదులేమ్మా. మొక్క వేరే, మనిషి వేరే. వీని నోరు మూయించేకి," అన్నారు.

ఆయన పోయిన రోజు, ఖబరస్తాన్‌లో ఖననం చేసి మగవాళ్ళు తిరిగొచ్చాక, కిటికీలో ఆ సీసా కనబడింది. అడుగున కొంచెమే మిగిలి ఉంది. అంత మందు ఒక్క కుండీ తాగిందంటే నాకు నమ్మకం కలగలేదు. సమయం కాదని తెలిసినా తమ్ముణ్ణి అడిగేశాను.

"నిజం సెప్పు భాయ్. సార్‌కు తాపినావా?"

అతను కిటికీలోంచి సీసా తీసి నా చేతికిచ్చాడు. "ఒక్కసారి తాగినాడమ్మా. కడమదంతా దినామూ కుండీకే పోస్తిమి. నొప్పికి అన్న మెలికలు తిరుగుతాంటే సూడల్యాక ఏడుస్తాంటి. ఆ సీసా ఇటియ్యిరా అన్నాడు. ఇది ఎవరికి మేలన్నా అని నేనే అడిగితి. నీకేరా, అని మూతెడు తాగినాడు."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఏ మాటా అడక్కుండా నమ్మని మనిషి, తమ్ముడి కన్నీళ్ళ ముందు నమ్మినట్టు నటించాడు. మూతెడు మందు ఏమీ చేసి ఉండదని నాకు తెలుసు. అయినా ఏడుస్తూనే సీసా చుట్టూ తిప్పి చదివాను. లోపల ఏముందో ఎక్కడా రాయలేదు. అలా చదివినందుకు సార్ ఉంటే మెచ్చుకునేవారు. ఇప్పుడు నా తరగతిలో పిల్లలు "అంతేనా టీచర్?" అని నన్నే నిలదీస్తున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా ఆయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

వచ్చేముందు పెరట్లోకి పోయాను. కుండీలో రెండూ ఏపుగా పెరిగి ఉన్నాయి. వయ్యారిభామను పీకబోతే తమ్ముడు నా చేయి ఆపాడు.

"ఉండనీమ్మా. మిరప ఇంగా పూతకు రాల్యా. అన్న ఇంగా ఏమీ తేల్చలా."

చొక్కా చేయి పైకి మడిచి, కుండీ మట్టిలోకి వేలు లోతుగా దూర్చి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు.