పచ్చ టేపు

హిందూపురంలో నేను పనిచేసిన షెడ్డులో అక్షరాలు పరిగెత్తే ఎలక్ట్రానిక్ బోర్డులు తయారయ్యేవి. రెండువేల తొలి సంవత్సరాల మాట. ముందువైపు ఎర్ర దీపాలు. వెనక తలుపు తీస్తే బూడిదరంగు వైర్ల చిక్కు. అన్నీ ఒకే రంగు, ఎందుకంటే అన్నీ ఒకే చుట్టలోంచి కోసినవి. ఏ వైరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో మీటరు పెట్టి ఒక్కొక్కటే వెతకడం నా పని. డిప్లొమా చదివానని తనిఖీ నాకు అప్పజెప్పారు.

ఆ వెతుకులాట తగ్గించడానికి ఓనరు రంగు టేపులు తెచ్చాడు. ప్రతి వైరుకూ రెండు కొసల్లో ఒకే రంగు చుట్టాలి, బిగించేటప్పుడు రంగుకు రంగు కలపాలి. కరెంటు ఇచ్చే పెట్టె ఒక టేబుల్ మీద, బోర్డు ఇంకో టేబుల్ మీద తయారవుతాయి కాబట్టి రెండుచోట్లా నిలబడి నోటితోనే చెప్పాడు. పెట్టె అన్ని బోర్డులకూ ఒకటే రకం: ఎరుపు పై వరుస దీపాలకు కరెంటు, పసుపు కింది వరుసకు కరెంటు, నలుపు న్యూట్రల్, పచ్చ ఎర్త్. బోర్డు చుట్టూ ఉన్న రేకుకు కరెంటు తగిలితే దాన్ని భూమిలోకి పంపి మనిషిని కాపాడేది ఆ ఎర్త్ వైరే.

మొదట గుర్తులు పెట్టింది ధర్మవరంలోని ఒక పట్టుచీరల కొట్టు బోర్డుకు. దానికి ఒకటే వరుస. అందుకని బోర్డు టేబుల్ దగ్గర ఓనరు మూడు రంగులే చెప్పాడు: ఎరుపు, నలుపు, పచ్చ. పెట్టెలో ఒక వైరు ఎలాగూ మిగలాలి.

మిగిలింది.

బిగించింది మా ఫిట్టరన్న. పెనుకొండ నుంచి రోజూ ప్యాసింజర్‌లో వచ్చేవాడు. ధర్మవరంలో నిచ్చెన ఎక్కి ఆ బోర్డు తగిలించాల్సింది కూడా ఆయనే. ఆ రోజు శుక్రవారం. కొత్త బోర్డుకు మొదటిసారి కరెంటు ఇచ్చే ముందు పూజ చేయడం మా షెడ్డు ఆనవాయితీ. నేను మీటరు తీశాను.

“రాహుకాలం వస్తాండాదప్పా. రంగుకు రంగు సరిపోయిందా లేదా? మళ్ళీ మీటరుతో తడుముకుంటా కూచుంటే ఆ టేపులెందుకు?” అన్నాడు ఓనరు.

చూశాను. రంగుకు రంగు సరిపోయింది.

అందరం చెప్పులు విడిచాం. కొబ్బరికాయ కొట్టిన నీళ్ళు గచ్చు మీద పారాయి. స్విచ్ వేయగానే అక్షరాలు ఎర్రగా పరిగెత్తాయి, చప్పట్లు కొట్టాం. ఫిట్టరన్న హారతి తీసుకుని, బోర్డును తాకి కళ్ళకు అద్దుకోవడానికి చేయి చాపాడు.

వేళ్ళ కొసలు రేకుకు తగిలాయో లేదో, ఎవరో ఈడ్చి కొట్టినట్టు వెనక్కి పడ్డాడు. హారతి పళ్ళెం గోడదాకా దొర్లింది. పైన అక్షరాలు మాత్రం ఏమీ జరగనట్టు పరిగెత్తుతూనే ఉన్నాయి. మెయిన్ ఎవరు ఆపారో నాకిప్పటికీ తెలియదు. నేనైతే కాదు.

ఆయన లేచి కూర్చుని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకున్నాడు. “నా పెండ్లాం మొన్ననే కొత్త మెట్టెలు ఏసుకొనింది. తీపిచ్చేటోళ్ళు కదరా నాయనా!” అన్నాడు.

బోర్డు వెనక తలుపు తీశాను. రేకుకు బిగించిన వైరుకు పసుపు టేపు. అది పోయి పెట్టెలో పసుపుకే, అంటే నేరుగా కరెంటుకే కలిసింది. పెట్టెలోంచి వచ్చిన, ఆకురంగు టేపున్న ఎర్త్ వైరు పక్కన ఖాళీగా వేలాడుతోంది.

బోర్డు టేబుల్ మీద పనిచేసే అక్కది ధర్మవరంలో మగ్గాల ఇల్లు, హిందూపురం కోడలు. “పచ్చ చుట్టమంటే ఇదేందక్కా?” అన్నాను.

“పచ్చే కదన్నా చుట్టినా! కండ్లు తెరిచి చూడు.”

“ఇది పసుపు.”

“పసుపంటే పచ్చ గాదా? కామెర్లొస్తే కండ్లు ఏమైతాయి, పచ్చగ్గాదా? ఆ ఇంకోటి ఆకుపచ్చ. మగ్గం కాడ మా నాయన పచ్చ రేశం దారమడిగితే ఇదే ఇస్తాంటి. ఆకుపచ్చ ఇచ్చింటే వీపు పగిలిపోతాండె.”

పెట్టె టేబుల్ దగ్గరి అక్క గౌరీబిదనూరు వైపుది, ఇంట్లో కన్నడం. ఆమె నోటిమీద చేయి వేసుకుంది. “అయ్యో, పచ్చె అంటే హసురు కదమ్మా! ఆకు రంగు!”

ఓనరు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తిట్టడానికి ఆయనకు తప్పు దొరకలేదు.

పొద్దున బస్సులోంచి చేలు చూసి పచ్చగా ఉన్నాయనుకున్నవాణ్ణి నేనే. మా అవ్వ ఒంటిరంగు పచ్చన అని చెప్పేదీ నేనే. పుట్టినప్పటినుంచీ ఆ మాటను రెండు రంగులకూ వాడుతూ ఒక్కసారి కూడా తడబడలేదు. వోల్టు, ఆంపియరు, ఓము అన్నిటికీ నిర్వచనాలు బట్టీపట్టాను. పచ్చకు నిర్వచనం కావాలని ఏ పుస్తకమూ చెప్పలేదు.

మధ్యాహ్నానికి టేపులు ఊడదీసి మళ్ళీ చుట్టారు. ఈసారి ఓనరు రంగు పేరు పలకలేదు. ఒక్కో టేపు ముక్కను చింపి రెండు టేబుళ్ళకూ అతికించి, వేలుపెట్టి చూపించాడు. నేను మీటరుతో మొదటినుంచి చివరిదాకా చూశాను. కరెంటు ఇచ్చి రేకుకు టెస్టర్ ఆనించాను. వెలగలేదు.

“అంతా సరిగ్గా ఉందన్నా. ముట్టుకో,” అన్నాను.

ఫిట్టరన్న రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. “ధర్మవరంలో నిచ్చెన మీద నేనొక్కణ్ణే ఉంటానప్పా. ఈడ ముందు నువ్వు ముట్టుకో.”

మీటరు సున్నా చూపిస్తోంది. టెస్టర్ ఆరిపోయే ఉంది. రేకుకూ నా వేళ్ళకూ మధ్య జానెడు దూరం. నా చేయి అక్కడే ఆగిపోయింది. ఆయన నా ముఖంలోకే చూస్తున్నాడు. కళ్ళు మూసుకుని అరచేయి మొత్తం ఆనించాను.

“ఊ, తియ్యి ఇంక,” అని ఆయన నా భుజం తట్టేదాకా తీయలేదు.