గేటు బయట నాన్న

నిన్న బస్సులో ఎండుచేపల వాసన తగిలితే, బడి చూసుకోవడానికి నాన్నతో బందరు వెళ్ళిన రోజు గుర్తొచ్చింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు. నాన్న ఎండుచేపలు అమ్మేవాడు. అది క్వేకర్లనే క్రైస్తవుల బడి. మేం వెళ్ళేసరికి హాల్లో పిల్లలూ టీచర్లూ మాటాపలుకూ లేకుండా కూర్చుని ఉన్నారు. నాన్న దగ్గర వచ్చే వాసనకే అందరూ అలా అయిపోయారనుకుని, నేను నాన్న పక్క నుంచి లేచి దూరంగా కూర్చున్నాను.

తర్వాత హెడ్మాస్టరుగారు, "ఇంటి నుంచి వస్తావా, హాస్టల్లో ఉంటావా బాబూ?" అని అడిగారు.

"మాది పక్కనే గిలకలదిండండి. రోజూ సైకిలు మీద నేనే దింపుతానండి," అన్నాడు నాన్న.

"హాస్టల్లోనే ఉంటానండి," అన్నాను.

"సర్లేరా, ఆదివారాలు నేనొస్తాలే," అన్నాడు నాన్న.

ఆ మౌనమే వాళ్ళ ప్రార్థన అని వారంలోనే తెలిసింది. అయినా నేను ఇంటికి తిరిగి వెళ్ళలేదు. నాన్న ప్రతి ఆదివారం వచ్చి గేటు బయటే నిలబడేవాడు. లోపలికి రమ్మని నేను ఒక్కసారి కూడా పిలవలేదు.