సత్తయ్యకు అమ్మిన సైకిల్

ఇన్నేళ్లుగా మింగలేక కక్కలేక మోస్తున్న మాట ఇది. నీకే చెబుతున్నాను. నువ్వెవరో నాకు తెలియదు, అదే మేలు.

ఎనభైల చివర జూబ్లీహిల్స్‌లో ఒక స్టూడియోలో సెట్ల వెనక కట్టే తెరలకు బొమ్మలు వేసేవాణ్ణి. తెనాలి వైపు నుంచి బతకడానికి వచ్చినవాణ్ణి. నా పక్కనే గీసేవాడు సత్తయ్య, రహమత్ నగర్ వాడు, నాకంటే చిన్న. వాడు మబ్బు గీస్తే గొడుగు వెతుక్కోవాలనిపించేది. నాకంత చెయ్యి లేదు. కుళ్ళుకున్నానా? కుళ్ళుకున్నాను. కానీ సైకిల్ అందుకు అమ్మలేదు, అది మాత్రం నమ్ము.

నేను కొన్నప్పటికే అది పాత సైకిల్. ఫిల్మ్‌నగర్ ఎక్కుడు రోడ్డులో టక్కుమని చైన్ జారేది. పెడల్ దగ్గరి పెద్ద చక్రం మీద చైన్‌ను వేలితో ముందుకు లాగి చూశాను. సాగిపోయి, కింద పళ్ళు కనిపించేంత పైకి లేచింది. కొత్త చైన్ వేయించాను. జారడం తగ్గకపోగా ఇంకా పెరిగింది! అప్పుడు వంగి చూస్తే వెనక చక్రం మధ్యలో చైన్ పట్టే ఫ్రీవీల్ పళ్ళు అరిగి, సూదుల్లా ఒక పక్కకు ఒరిగి ఉన్నాయి. అరిగిన పళ్ళు కొత్త చైన్‌ను పట్టుకోవు, రెండూ కలిపి మార్చాల్సింది. నాకు తెలిసింది. సరిగ్గా అప్పుడే, దసరా ముందు, సత్తయ్య సైకిల్ కావాలన్నాడు.

మోతీనగర్‌లో మా ఇంటి ముందు చదును రోడ్డు మీద తొక్కి చూశాడు. చదును మీద అది ఎప్పుడూ జారదు.

"చైన్ కొత్తదేనా అన్నా?"

"కొత్తదే. మొన్ననే వేయించా."

"ఇగేం ఫికర్ లేదు."

చెప్పింది నిజమే, చూశావా! ఫ్రీవీల్ సంగతి వాడు అడగలేదు కదా అని ఎంతకాలం సర్దిచెప్పుకున్నానో.

దసరా నాడు సైకిల్ కడిగి, హ్యాండిల్‌కు బంతిపూల దండ వేసి, అరిగిన ఆ ఫ్రీవీల్‌కూ వంగి కుంకుమ బొట్టు పెట్టాడు. వాడిచ్చిన కొబ్బరి ముక్క నములుతూ పక్కనే నిలబడ్డాను. 

పండగ వెళ్ళాక ఫిల్మ్‌నగర్ ఎక్కుడులో లేచి నిలబడి తొక్కుతుంటే చైన్ జారింది. పడ్డాడు. కుడి మణికట్టు విరిగింది. అప్పుడే వాడికొక పెద్ద సెట్ తెర పని వచ్చింది. మంచం మీంచే కబురు పెట్టాడు, ఆ పని మా అన్నకియ్యుండ్రి అని. మణికట్టు వంకరగా అతుక్కుంది. కుంచె మళ్ళీ నిలవలేదు.

ఆ తెరతోనే నాకు పేరొచ్చింది. ఇల్లు, పిల్లల చదువులు, ఈ పూట తిన్న అన్నం, అన్నీ వాడి చలవే. ఏళ్లతరబడి నా దగ్గరే రంగులు కలిపాడు, ఒక్కనాడూ ముఖం చిట్లించలేదు. దేవుడికి దండం పెట్టబోతే ముందు వాడే గుర్తొస్తాడు. చల్లగా ఉండాలిరా నువ్వు అనుకుంటాను, మనసారా. కానీ కాజేసినదానికి కృతజ్ఞత చెప్పుకునే హక్కు ఉంటుందా?

ఆ పడ్డ సంగతి ఎవరడిగినా, తనకే తొక్కుడు రాలేదని చెప్పి నవ్విస్తాడు. నేనూ నవ్వాను, ప్రతిసారీ.

వాడికి తొక్కడం బాగానే వచ్చు. నేనే జారే సైకిల్‌ను తెలిసి అమ్మాను. ఇంత చిన్న మాట రాయడానికి ముసలివాణ్ణయ్యాను. రాశాక, ఛీ, ఎంత హాయిగా ఉందో! వాడికింకా చెప్పనే లేదు.