మేనకోడలి నిద్రకి నా కాపలా

మొన్న బుధవారం పొద్దున అన్యాయం జరిగింది మా మేనకోడలు శిరీషకి. చేసింది నేను. ఎవరో చెప్పగా మీరు వినేకంటే నేనే చెబితే నయం, కాస్త పరువుగా చెప్పుకుంటాను.

శిరీష రాయపూర్‌లో మా ఇంట్లోనే ఉండి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతోంది. చదువుతోందన్నది వాళ్ళ నాన్న నమ్మకం. రాత్రంతా రీల్స్, పగలంతా కునుకు. ల్యాబ్‌లో బీకరు చేత్తో పట్టుకునే నిద్రపోయిందని మేడమ్ ఫోన్ చేసింది. దాంతో బిలాస్‌పూర్‌లో రైల్వే ఉద్యోగం చేసే మా తమ్ముడు కూతురికి స్మార్ట్ వాచీ కొనిచ్చాడు. ఎంతసేపు పడుకుందో అది వాడి ఫోన్‌కి చేరవేస్తుంది.

"ఈ వారం నిద్ర సరిగ్గా లేదో, స్మార్ట్‌ఫోన్ నాకిచ్చేసి బిలాస్‌పూర్ నుంచే రోజూ ట్రైన్‌లో అప్-డౌన్ చెయ్" అన్నాడు.

నేనూ నా వంతుగా ఒక చట్టం చేశాను. రాత్రి పదింటికి ఫోనూ, ల్యాప్‌టాపూ, వాచీ నాకు అప్పజెప్పాలి.

"అత్తా, వాచీ వదిలెయ్. అది నిద్ర..."

"నాకు చెప్పకు. అందులోనూ మెసేజులు టింగుటింగుమంటున్నాయి." లాక్కున్నాను.

తెల్లారి తమ్ముడి ఫోన్. "అక్కా, రాత్రి రెండు గంటలే పడుకుందట. మధ్యలో లేచి నడిచిందట. గుండె కూడా దడదడ కొట్టుకుందట. ఆదివారం వచ్చి తీసుకుపోతాను."

నాకు తిక్క రేగింది. శిరీష అప్పుడే లేచి, నిద్రకి ఉబ్బిన మొహంతో ఒళ్ళు విరుచుకుంటోంది.

"ఇంకే ఫోన్ దాచావే? నా ఇంట్లో నాకే టోపీయా?"

"అత్తా, సునో, కాస్త విను..."

"సునో లేదు, గినో లేదు."

తమ్ముణ్ణి లైన్లోనే ఉంచి దిండు దులిపాను. పరుపు ఎత్తాను. ఆఖరికి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికాను. శిరీష నా చెయ్యి పట్టుకుని బియ్యంలోంచి పైకి లాగింది.

"నాన్నా, వీడియో ఆన్ చెయ్" అంది నా ఫోన్ అందుకుని.

నా మణికట్టుకి వాచీ!

బల్ల మీద పెడితే ఎత్తుకుపోతుందని నేనే కట్టుకున్నాను. కట్టుకుని, తెల్లవారుజాము దాకా డిటెక్టివ్ నవల చదివాను. గుండె దడ హత్య జరిగినప్పటిది. నడక టీ పెట్టుకోడానికి వెళ్ళినప్పటిది. ఆ పక్క గదిలో పిల్ల మాత్రం హాయిగా గుర్రు పెట్టింది.

తమ్ముడు చాలాసేపు నవ్వాడు. "అది అక్కడే ఉంటుందిలే. మరి నిన్నెక్కడికి తీసుకుపోనే అక్కా?"

"నాన్నా, ఇక పదింటికి అత్త కూడా నాకు అప్పజెప్పాలి" అంది శిరీష. వాడు వెంటనే ఒప్పుకున్నాడు. నా మాట అడిగినవాళ్ళు లేరు.

ఆ రాత్రి వచ్చి అరచెయ్యి చాపింది. నవల పెట్టాను. చెయ్యి కదల్లేదు. దిండు కిందున్న రెండోదీ, మిగతావీ పెట్టాను. అప్పుడు తండ్రికి ఏదో మెసేజ్ కొట్టి, ఫోన్ నా చేతికిచ్చింది. చదవబోతే ఒక్క అక్షరం కనిపిస్తే ఒట్టు. పాపం, తనే చదివి వినిపించింది:

"బుధవారం, రాత్రి పది గంటలు. అత్త దగ్గర జప్తు చేసినవి: నవలలు రెండు, టార్చి ఒకటి, కళ్ళజోడు ఒకటి."